బతుకు ముచ్చట్లు – 31: నడిమిట్ల మిస్సింగ్

పోయిన భాగంల హాస్టల్ ముచ్చట సగంల ఆపిన. అది వచ్చే వారం పూర్తి చేస్త. ఈ వారం వేరేది రాస్తున్న. ఇది ఆరేండ్ల సంది నా కడుపుల ఉన్న ముచ్చట. మా అక్క కొడుకు ఒప్పుకోక ఆపిన. మొన్న బోనాలకు ఇంటికి వచ్చినప్పుడు "పేర్లు లేకుంట రాస్కో మామా" అన్నడు. అందుకే ఇండ్ల ఎవ్వరి పేరూ ఉండదు.

2019 ఎండాకాలం. రాత్రి పదిన్నరకు ఫోన్ వచ్చింది. మా అల్లుడు. పోరడు మామూలుగ ఫోన్ చెయ్యడు, వాట్సాప్‌ల వాయిస్ పెడ్తడు. ఫోన్ చేసిండంటే ఏదో అయిందని అర్థం.

"మామా, దొంగ అంటున్నరు నన్ను."

జల్‌పల్లిల ఒక షెడ్డుల పని చేస్తుండె అప్పుడు. శ్రీశైలం రోడ్డు మీద పహాడీ షరీఫ్ దిక్కు పోతుంటే షాహీన్‌నగర్ దాటినంక లోపలికి తిరగాలె. అటు పక్క గోదాములు, ఇటు పక్క తుక్కు కొనేటోళ్ళు, నడుమ మన పోరగాండ్ల షెడ్లు. తలకాయ మీదికెల్లి ఐదు నిమిషాలకొక విమానం దిగుతుంటది. ఐటీఐల మోటార్ మెకానిక్ చదివి, రెండేండ్లు ఊరికె తిరిగి, చివరికి నేనే ఆ షెడ్డు ఉస్తాద్‌కు అప్పజెప్పిన. ఆ ఉస్తాద్ దగ్గరనే నేనూ పని నేర్సుకున్న. నా పాత ముచ్చట్లు చదివినోళ్ళకు తెలుసు, 1996 నుంచి తొమ్మిదేండ్లు నేను పానాలు పట్టినోన్నే. మీటింగులు, కరపత్రాలు, ధర్నాలు అన్నీ తర్వాత.

జరిగింది ఇది. ప్లాట్ల వెంచర్లు చేసే ఒక పెద్దమనిషి కొడుకు ఎర్ర రంగు స్కోడా ఆక్టేవియా ఆర్ఎస్ తెచ్చిండు. పాత బండి, 2005ది. 1781 సీసీ టర్బో ఇంజన్, సిలిండర్‌కు ఐదు వాల్వుల లెక్కన ఇరవై వాల్వులు, కంపెనీ ఇచ్చిన పవర్ 150. మన దేశంల టర్బో పెట్రోల్ బండి అంటే అప్పట్ల అదే. ఇప్పటికీ దానికోసం పడి సచ్చేటోళ్ళున్నరు. ఈ పిలగాడు దాన్ని సెకండ్‌హ్యాండ్‌ల కొని, కంప్యూటర్ రీమ్యాప్ చేయించి, సైలెన్సర్ పైపు పెద్దది ఏయించి, ఇంజన్ మీద ప్లాస్టిక్ మూత తీసేసి కింద వాల్వ్ కవర్‌కు ఎర్ర పెయింటు కొట్టించిండు. క్లచ్ జారుతుందని మా షెడ్డుకు వచ్చిండు. మా అల్లుడు గేర్‌బాక్స్ దింపి, క్లచ్ ప్లేటు, ప్రెషర్ ప్లేటు మార్చి, ఎక్కించి ఇచ్చిండు. రెండు రోజుల పని.

నాలుగో రోజు బండి మళ్ళ వచ్చింది. ఈసారి మిస్సింగ్. మూడో గేర్ల యాక్సిలరేటర్ మొత్తం తొక్కితే 3000 నుంచి 4000 ఆర్‌పీఎం నడుమ దగ్గు. ఎవరో ఎన్కకెల్లి సొక్క పట్టి గుంజినట్టు జర్కులు. స్లోల నిలబెడితే గడియారం లెక్క తిరుగుతది. 5000 దాటితే మళ్ళ సాఫ్‌గ గుంజుతది. నడిమిట్లనే తప్పుతది.

అంతకుముందు పెద్ద వర్క్‌షాప్‌ల, ఏసీ రూముల కూసొని కాఫీ తాగే జాగల, నాలుగు కొత్త ఇగ్నిషన్ కాయిల్స్ ఏయించుకున్నడట. బిల్లు కూడ ఉంది. బోనెట్ ఎత్తి చూస్తే పాత కాయిల్స్ ఉన్నయి. మీద తయారీ తేదీ కూడ 2005దే. "కొత్తయి గుంజుకొని పాతయి పెట్టినవ్. తెల్లారేసరికి నా కాయిల్స్ నాకు కావాలె. లేకుంటే స్టేషన్‌ల కూసోబెడ్త" అన్నడట.

దాంతోటి ఆగితే నేను ఇది రాయకపోదును. బండి ఇచ్చిన మొదటి రోజు చాయ్ తాగుకుంట ఆ పిలగాడు మా అల్లుణ్ణి మంచిగనే అడిగిండట, "ఏ ఊరు మనది? ఇంటిపేరేంది?" వీడు చెప్పిండు. ఇంటిపేరు ఎందుకు అడుగుతరో మనకు తెలుసు, అడిగేటోళ్ళకూ తెలుసు. నాలుగో రోజు ఆ ఇంటిపేరు పనికొచ్చింది. షెడ్డుల ఐదారుగురు ఉండంగ, "మీవోళ్ళ చేతులు ఊకుంటయా" అన్నడు. కులం పేరు తియ్యలె. తియ్యాల్సిన పని లేకుండె.

నాకు నిద్ర పట్టలె. సంవత్సరం కిందనే, 2018 మార్చిల సుప్రీంకోర్టు అట్రాసిటీ చట్టం పండ్లు పీకితే ఏప్రిల్ 2న భారత్ బంద్‌ల రోడ్డు మీద కూసున్నోన్ని నేను. ఆగస్టుల పార్లమెంటు 18ఎ చేర్చి మళ్ళ సరిచేసింది. చట్టం నాకు నోటికి వస్తది. నలుగురిల అవమానిస్తే 3(1)(ఆర్). మనోని మీద తప్పుడు కేసు పెడితే 3(1)(పి). అధికారికి అబద్ధపు సమాచారం ఇస్తే 3(1)(క్యూ). రాత్రి పన్నెండుకల్లా ఇద్దరు వకీళ్ళతోటి మాట్లాడిన, ఫేస్‌బుక్‌ల పెట్టడానికి పోస్టు కూడ రాసిన. ఇంటిపేరుతో సహా, ఆ పిలగానిది.

పొద్దుగాల ఆరింటికి మా అల్లుడు మళ్ళ ఫోన్ చేసిండు. నేను కేసు ముచ్చట ఎత్తంగనే అడ్డం పడ్డడు.

"మామా, అది తర్వాత. నువ్వు జర వచ్చి బండి విను. కేసుల నేను గెలిచినా దొంగ అన్న మాట పోదు. మిస్సింగ్ ఏందో దొరకాలె."

నాకు కోపం వచ్చింది. వానికి నా తోడు కావాల్సింది ఉద్యమకారునిగ కాదట, పాత మెకానిక్‌గనట. పోస్టును డ్రాఫ్ట్‌లనే ఉంచి స్కూటీ తీసిన.

ఉస్తాద్ గురించి ఒక మాట చెప్పాలె. నేను పని నేర్సుకున్ననాడు అంబాసిడర్లు, ప్రీమియర్ పద్మినీలు. మిస్సింగ్ వస్తే ఉస్తాద్ ఇంజన్ నడుస్తుండంగనే ప్లగ్ వైర్లు ఒక్కొక్కటి పీకేటోడు. ఏ వైరు పీకితే ఇంజన్ సప్పుడు మారదో ఆ సిలిండర్ పని చేస్తలేదన్నట్టు. "సున్ రే, సున్" అనేటోడు నా తల మీద మొట్టి. నాకు వినుడు తొందరగ వచ్చింది. మా బాపు డప్పు కాపేటోడు. గడ్డి మంట మీద తిప్పుకుంట, కొనగోటితో కొట్టుకుంట, సప్పుడును బట్టి ఇంకెంత కాపాల్నో చెప్పేటోడు. పక్కోని డప్పుల చెక్క పగిలితే చూడకుంటనే చెప్పేటోడు. ఆ చెవి నాకు వచ్చింది కావచ్చు. ఉస్తాద్ పళ్ళెంలనే నేను బువ్వ తిన్న. మా ఊర్ల హోటల్ల మాకు గ్లాసు బయట పెట్టిన కాలంల. అట్లని ఆ గల్లీల అంతా సమానమే అని రాయను. కసాయోళ్ళతోటి, సాకలోళ్ళతోటి పిల్లనిచ్చుడు పుచ్చుకునుడు ఉండకుండె వాళ్ళల్ల కూడ. కాని పళ్ళెం మాత్రం ఒక్కటే.

షెడ్డుకు పోయేసరికి ఉస్తాద్ కుర్చీల కూసున్నడు. మోకాళ్ళు పోయినయి, లేవడు. "తూ హీ దేఖ్" అన్నడు.

ముందుగాల లాప్‌టాప్ కేబుల్ పెట్టి చూసినం. కంప్యూటర్ రెండు మాటలు చెప్పింది. ఒకటి, మిస్‌ఫైర్ అయితుంది, పీ0300, పీ0302. అంటే అన్ని సిలిండర్లల్ల అక్కడక్కడ, రెండోదాంట్ల ఎక్కువ. రెండోది, పెట్రోల్ తక్కువైతుంది, గాలి ఎక్కువైతుంది, లీన్. ఈ రెండో మాట నమ్మే పెద్ద వర్క్‌షాపోళ్ళు అంతకుముందు పెట్రోల్ పంపు మార్చిండ్రు, గాలి కొలిచే సెన్సర్ మార్చిండ్రు. నలభై వేల దాకా గుంజిండ్రు. ఇక్కడ ఒక మెలిక ఉంది. స్పార్క్ పడకపోతే సిలిండర్ల గాలి, పెట్రోల్ కాలకుంటనే బయటికి పోతయి. సైలెన్సర్ పైపుల ఉండే ఆక్సిజన్ సెన్సర్‌కు పెట్రోల్ కనపడదు, ఆక్సిజన్ ఒక్కటే కనపడుతది. కాలని ఆక్సిజన్ చూసి "పెట్రోల్ సాలుతలేదు" అని రాస్తది. తప్పు ఒక దగ్గర, రాసేది ఇంకొకని పేరు మీద. పంచనామాలు రాసేటోళ్ళు చానామందిని చూసిన నేను. సెన్సర్‌కన్న కండ్లు లేవు, వాళ్ళకు ఉన్నయి.

మా అల్లుడు అది పట్టించుకోలె. "ముందు కాయిల్ సంగతి తేల్చుదాం" అన్నడు. వాని మీద పడ్డది కాయిల్ కదా.

రెండో సిలిండర్ కాయిల్ తీసి నాలుగుకు, నాలుగోది రెండుకు పెట్టినం. కాయిల్ ఖరాబైతే మిస్సింగ్ దాని ఎంబడే నాలుగుకు పోవాలె. టెస్టుకు తీసుకపోవాలంటే ఫుల్‌గ తొక్కే జాగ కావాలె. జల్‌పల్లి గల్లీలల్ల, స్పీడ్ బ్రేకర్ల నడుమ అయ్యే పని కాదు. పహాడీ షరీఫ్ మీదికెల్లి తుక్కుగూడ పోయి రింగ్ రోడ్డు ఎక్కినం. 158 కిలోమీటర్ల రోడ్డు. ఎవరెవరి చెల్కల మీదికెల్లి పోయిందో అటు ఇటు ఊర్లోళ్ళను అడగాలె. దాని మీదికి స్కూటీ, మోటార్‌సైకిల్ రానియ్యరు, నడిచేటోణ్ణి రానియ్యరు. అన్నేండ్లు దాని కింద అండర్‌పాస్‌లకెల్లి పోయినోన్ని, ఆ ఎర్ర బండిల కూసొని మొదటిసారి మీదికెల్లి పోతున్న. మూడో గేర్ల 4000 అంటే గంటకు 95 దగ్గర. అప్పుడు అక్కడి లిమిట్ నూరు. తప్పు లేదు.

అల్లుడు తొక్కిండు. నేను లాప్‌టాప్ ఒళ్ళె పెట్టుకొని ఏ సిలిండర్ ఎన్నిసార్లు తప్పుతుందో లెక్క చూస్తున్న. 2800 దాటంగనే దగ్గు మొదలైంది. మిస్సింగ్ రెండోదాంట్లనే ఉంది. నాలుగుకు పోలె.

"కాయిల్ మంచిదే మామా" అన్నడు. వాని గొంతుల సంతోషం లేదు. ఎందుకంటే కాయిల్ మంచిదే అని తేలితే, పాతదే ఐనా మంచిదే అని తేలినట్టు. కొత్తయి ఎటు పోయినయన్న ప్రశ్న అట్లనే ఉంది.

షెడ్డుకొచ్చి ప్లగ్గులు తీసినం. రెండో సిలిండర్ ప్లగ్గు తెల్ల పింగాణీ మీద పెన్సిల్‌తోటి గీసినట్టు సన్న నల్ల గీత. స్పార్క్ మొన దగ్గర దుంకలేక పింగాణీ మీదికెల్లి కిందికి పారిన గుర్తు అది. మా అల్లుడు ఫిల్లర్ గేజ్ తీసి సందు కొలిచిండు. 1.1 మిల్లీమీటర్. నాలుగింటికీ అంతే. కొత్త ప్లగ్గులే. డబ్బల కెల్లి తీసి సందు కొలవకుంటనే బిగించిండ్రు ఎవరో. రీమ్యాప్ చేసిన టర్బో బండికి 0.7 దాటొద్దు.

ఇది ఎందుకు నడిమిట్లనే తప్పుతదో చెప్త. బండ్ల సోకు లేనోళ్ళు ఈ పేరా దాటేయండి, నాకు మాత్రం ఇదే ఇష్టమైన జాగ. స్పార్క్ అంటే రెండు మొనల నడుమ సందును కరెంటు దుంకుడు. సందు పెద్దగైతే ఎక్కువ వోల్టేజి కావాలె. ఆ సందుల గాలి ఎంత ఒత్తుకొని ఉంటే అంత ఇంకా ఎక్కువ కావాలె. పాషెన్ అనే జర్మన్ 1889లనే ఈ లెక్క తేల్చిండు. స్లోల ఇంజన్ల గాలి పలుచగ ఉంటది కాబట్టి 1.1 సందైనా కరెంటు దుంకుతది. 3000 దగ్గర టర్బో మొత్తం ఊపుల ఉంటది, రీమ్యాప్ చేస్తే ఇంకా ఎక్కువ కుక్కుతది. ఒక్కో దమ్ముకు సిలిండర్లకు పోయే గాలి అక్కడనే అన్నిటికన్న ఎక్కువ. బండి గుంజే బలం అక్కడనే ఎక్కువ, స్పార్క్‌కు కష్టం కూడ అక్కడనే ఎక్కువ. 5000 దాటినంక ఆ చిన్న టర్బోకు దమ్ము సాలదు, ఒక్కో దమ్ముకు పోయే గాలి తగ్గుతది, స్పార్క్ మళ్ళ దుంకుతది. అందుకే మొదలు మంచిదే, కొస మంచిదే, నడుమ తప్పుతది.

అయితే ఒకటి మిగిలింది. క్లచ్ మార్చకముందు గింత మిస్సింగ్ లేదని ఆ పిలగాడు అంటున్నడు. అబద్ధం కాకపోవచ్చు. నేను దాని మీదనే ఆగిపోయిన. మా అల్లుడు మాత్రం చేతులు తుడుసుకుంట నవ్విండు, రాత్రి సంది మొదటిసారి.

"క్లచ్ జారుతుండె కదా మామా."

జారే క్లచ్ కూడ బలం ఎక్కువున్న కాడనే జారుతది. అంటే అదే 3000 దగ్గర. తొక్కంగనే క్లచ్ జారి, ఇంజన్ ఉరికి, రెండు సెకన్లల్ల ఆ జాగ దాటిపోతుండె. లోపల మిస్సింగ్ ఉన్నా ఆ జర్కు టైర్ల దాకా రాకపోతుండె. వీడు కొత్త క్లచ్ గట్టిగ పట్టేటట్టు ఏసిండు. పట్టినంక లోపలి రోగం బయటికి తెలిసింది. పని సరిగ్గ చేసినందుకు దొంగైండు.

పక్క గల్లీల స్పేర్ పార్ట్స్ దుకాణంల నాలుగు ప్లగ్గులు తెచ్చి, ఒక్కోటి 0.7కు పెట్టి, బిగించి, మళ్ళ రింగ్ రోడ్డుకు పోయినం. 2500, 3000, 3500, 4000, 5000. లెక్కల నాలుగు సున్నాలు. నా ఈపు సీటుకు అతుక్కుంది. చెప్పడానికి సిగ్గు లేదు, మస్తు అనిపించింది. నాకు ఆ బండి మీద కోపం రాలె ఎన్నడూ.

సాయంత్రం ఆ పిలగాడు వచ్చిండు, ఎంబడి ఇద్దరు సోపతిగాళ్ళు. బండి నడిపి చూసుకున్నడు. దిగి, "మిస్సింగ్ పోయింది గాని కాయిల్స్ సంగతేంది" అన్నడు. నేను నోరు తెరవబోయిన. చట్టం సెక్షన్లన్నీ నాలుక మీద ఉన్నయి. మా అల్లుడు నా చెయ్యి పట్టి ఆపి, ఫోన్ ఆ పిలగానికి చూపెట్టిండు.

ఆ పిలగాని ఇన్‌స్టాగ్రామే. రాత్రంతా నిద్ర పోకుంట వీడు దాన్నే కిందికి జరుపుకుంట చూసిండట. బోనెట్ ఎత్తి, ఎర్ర పెయింటు కొట్టిన ఇంజన్ ఫోటో పెట్టుకున్నడు ఆ పిలగాడు. పెద్ద వర్క్‌షాప్ బిల్లు అయినంక తొమ్మిది రోజులకు, మా షెడ్డుకు రావడానికి వారం ముందు. ఫోటోను పెద్దగ చేస్తే మూడో కాయిల్ కనెక్టర్ క్లిప్పు ఇరిగి తెల్ల జిప్ టై కట్టి ఉంది, కాయిల్ మూల చెక్క లేచి ఉంది, మీద స్టిక్కర్ సగం చినిగి ఉంది. మా అల్లుడు బోనెట్ ఎత్తి చూపెట్టిండు. అదే జిప్ టై, అదే చెక్క, అదే స్టిక్కర్. కొత్త కాయిల్స్ ఆ బండిల ఎన్నడూ పడలె. బిల్లుల పడ్డయి.

ఆ పిలగాడు ఫోన్‌ను, కాయిల్‌ను రెండు మూడు సార్లు మార్చి మార్చి చూసిండు. తర్వాత అన్న మాట నాకు ఇప్పటికీ యాది ఉంది. "వాళ్ళు అట్ల చెయ్యరు. మా డాడీకి తెలిసినోళ్ళు."

క్షమించు అనలె. ప్లగ్గుల పైసలు, లేబర్ ఇచ్చిండు. మీద ఐదువందలు ఎక్కువ పెట్టిండు. మా అల్లుడు లెక్క పెట్టుకొని ఆ ఐదువందలు వాపస్ ఇచ్చిండు, బిల్లు రాసిచ్చిండు. బండి సప్పుడు చేసుకుంట ఎయిర్‌పోర్టు రోడ్డు దిక్కు పోయింది. మంచిగ పోయింది, ఒక్క దగ్గు లేదు.

ఆ రాత్రి మేమిద్దరం కొట్లాడుకున్నం. కేసు పెట్టాలె అని నేను. ఐదుగురు సాక్షులున్నరు. రేపు ఇంకో షెడ్డుల ఇంకో పోరన్ని ఇట్లనే అంటడు. వాడు అన్నడు, "మామా, కేసు పెడితే రేపటి సంది ఈ షెడ్డుకు బండి ఎవడు తెస్తడు? ఉస్తాద్ మోకాళ్ళకు ఆపరేషన్ ఉంది. నువ్వు పోస్టు పెట్టి మీటింగుకు పోతవ్. నేను తొమ్మిదింటికి షట్టర్ ఎత్తాలె." నా దగ్గర జవాబు ఉంది అనుకున్న, చెప్పిన కూడ, చానాసేపు చెప్పిన. వాడు వినుకుంట వినుకుంట నిద్రపోయిండు. పోస్టు డిలీట్ చేసిన. అట్ల చేసుడు తప్పా కాదా అని ఈ ఆరేండ్లల్ల నాతోటి నేను చానాసార్లు కొట్లాడిన. ఒకనాడు ఒకటి తోస్తది, ఇంకోనాడు ఇంకొకటి.

వానికి ఇప్పుడు సొంత షెడ్డు ఉంది, ఉస్తాద్ షెడ్డు పక్కనే. ఏ బండి వచ్చినా తాళం చెవి తీసుకోకముందే బోనెట్ ఎత్తి, బండి ఓనర్‌ను పక్కన నిలబెట్టి, ఇంజన్‌కు నాలుగు దిక్కులా ఫోటోలు తీస్తడు. కిలోమీటర్ల రీడింగ్ తీస్తడు, డిక్కిల స్టెప్నీ, జాకీ కూడ తీస్తడు. పుస్తకంల రాసి సంతకం తీసుకుంటడు. పెద్దోళ్ళు ఇసుక్కుంటరు. ఇసుక్కున్నా పెట్టాల్సిందే.

మొన్న నా స్కూటీ బ్రేక్ షూ మార్చమని ఇచ్చిన. నన్ను కూడ దాని పక్కన నిలబెట్టి ఫోటో తీసిండు. పుస్తకం ముందల పెట్టి పెన్ను ఇచ్చిండు. "నేను మీ మామనురా" అన్న. "సంతకం పెట్టు మామా" అన్నడు. పెట్టిన.